మడ అడవికి కావలి ఎవరు?

అడవి పక్షం: కోరంగి మడ అడవి ఇవాళ నిలిచి ఉందంటే 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించబట్టే. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. కాగితం మీద ఆ హద్దు లేకపోతే, తొంభైల్లో రొయ్యల చెరువులు కోస్తాను కమ్మేసిన రోజుల్లో ఇందులో ఏం మిగిలేదో చెప్పండి. రెండు పంటలు పండే వరిచేలే చెరువులైపోయాయి. గడ్డి కూడా సరిగా మొలవని ఉప్పు పర్రనీ, దాని మీది మడ చెట్లనీ ఎవడు లెక్కచేస్తాడు? అందుకే అంటున్నాను, అడవికి కావలి గట్టిగా ఉండాలి. లోపలికి మనిషి రాకపోకలు తగ్గాలి.

రేవు పక్షం: హద్దు వల్ల అడవి మిగిలిందని ఒప్పుకుంటానండి. ఆ హద్దు ఎవరి పొట్ట మీదుగా పోయిందో మీరూ ఒప్పుకోవాలి. తాళ్ళరేవు మండలంలో పాయల వెంబడి ఉన్న ఊళ్ళు నిన్నా మొన్నటివా? పోటుకి పడవ లోపలికి పోవాలి, పాటుకి బయటికి రావాలి. మండపీత, పండుగప్ప, రొయ్య, ఏది దొరికితే అది. వాళ్ళ తాతలు బతికిందీ ఇలాగే. గీత గీసిన మర్నాటి నుంచి అదే మనిషి అదే పాయలో అదే వల వేస్తే అపరాధి అయ్యాడు. గీతకి అవతల, ఆనుకునే చెరువు తవ్వించినవాడు మాత్రం రైతు.

అడవి పక్షం: ఎవరి మీదా పడని గీత ఎక్కడా ఉండదు. అయినా అడవిలోకి వచ్చేది పీతలు పట్టే మనిషి ఒక్కడే అన్నట్టు చెబుతున్నారు. వంటచెరకు కోసం వచ్చేవాళ్ళున్నారు. ఇంటి వాసాలకీ దడులకీ కర్ర కొట్టుకునేవాళ్ళున్నారు. గేదెల్ని తోలుకొచ్చేవాళ్ళున్నారు. తెల్లమడ ఆకంటే గేదెకి మహా ఇష్టం. ఒక్కొక్కరిదీ చిన్న తప్పే, కానీ మడ చెట్టు ఓర్చుకునే రకం కాదు. బురదలో ఆక్సిజన్ ఉండదు గనక తెల్లమడ తన వేళ్ళను నిలువుగా నేల పైకి పొడిచి గాలి పీలుస్తుంది. ఆ వేళ్ళు తొక్కుడు పడితే చెట్టుకి ఊపిరాడదు. ఉప్పు పొన్న గింజ తల్లి చెట్టు కొమ్మ మీదే మొలకెత్తి, రాలి, బురదలో దిగబడి నిలదొక్కుకోవాలి. నిలదొక్కుకునే లోపు గిట్ట పడిందా, అయిపోయింది.

ఇక జంతువుల మాట. కోరంగిలో బావురుపిల్లి ఉంది. నీళ్ళలోకి దిగి చేపలు పట్టి బతికే పిల్లి. చట్టంలో పులికి ఎంత రక్షణ ఉందో దీనికీ అంతే, మొదటి షెడ్యూలే. పులికున్న పేరు మాత్రం దీనికి లేదు. దేశంలో చిత్తడి నేలలు పూడ్చేకొద్దీ దానికి నిలవ నీడ పోతోంది. నీటికుక్కలున్నాయి. బయట హోప్ ఐలాండ్ ఇసుక మీద ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. వీటికి ఓటు లేదు, కులసంఘం లేదు. వీటి తరఫున అర్జీ పెట్టేదెవరు?

రేవు పక్షం: మీరున్నారుగా. మాకు ఆ మాత్రం వకీలు కూడా లేడు. నీటికుక్క వల చింపి చేప ఎత్తుకుపోతే మా ముసలాళ్ళు నాలుగు తిట్లు తిట్టి వల కుట్టుకుంటారు. చెరువు యజమాని అలా ఊరుకోలేడు, అప్పు తెచ్చి మేత పోశాడు. తాబేలు చచ్చేది ఎక్కువగా ట్రాలర్ వలలో, మా నాటు పడవ కింద కాదు. బావురుపిల్లీ వేటగాడూ ఒకే పాయ మీద బతుకుతున్నారు. నీళ్ళు చెడితే ఇద్దరికీ కూడు పోతుంది. వాళ్ళిద్దరినీ పగవాళ్ళని చేసి చట్టం రాస్తే చెరువుకి తప్ప ఎవరికీ లాభం లేదు.

అడవి పక్షం: కూడు అన్నారు కాబట్టి ఆ లెక్కే చూద్దాం. రొయ్య గుడ్డు సముద్రంలో పొదుగుతుంది. పిల్ల పోటు నీటితో మడలోకి వస్తుంది. వేళ్ళ సందుల్లో దాక్కుంటుంది, రాలిన ఆకు కుళ్ళి తయారైన మేత తిని పెరుగుతుంది, పెరిగాక సముద్రానికి తిరిగి పోతుంది. అంటే కాకినాడ రేవులో దిగే సరుకుకి ఈ అడవి నారుమడి. నారుమడిలోకి దిగి కోత కోస్తామంటే ఎలా?

రేవు పక్షం: పోలిక బాగుంది. నారుమడికి కాపు కాసేది రైతే గానీ పై ఊరి గుమాస్తా కాదు కదా!

(ఇక్కడ రేవు పక్షానికి నేను ఒక మార్కు ఎక్కువ వేశాను. పాఠకులు వెయ్యనక్కర్లేదు.)

అడవి పక్షం: రైతు తన నారు తానే పీక్కుని అమ్ముకున్న రోజులు కూడా ఉన్నాయి. తొంభైల్లో చెరువులకి టైగర్ రొయ్య పిల్ల కావాలని దోమతెర వలలతో పాయలు ఊడ్చిందెవరు?

రేవు పక్షం: మా వాళ్ళే. కాదనను. ఒక్క టైగర్ పిల్లని ఏరుకుని మిగతా జాతుల పిల్లలన్నిటినీ గట్టున పారబోశారు. చూసినవాళ్ళకి కడుపు తరుక్కుపోయింది, అయినా మానలేదు. రోజు కూలి కన్నా ఎక్కువొచ్చేది మరి.

అడవి పక్షం: అదే నేను చెప్పేది. మంచివాళ్ళా చెడ్డవాళ్ళా అన్న ప్రశ్న కాదు. డబ్బు ఎదురుగా వచ్చి నిలబడినప్పుడు ఊరు ఆగలేదు.

ఇంకో సంగతి. కోరంగికి ఉప్పెన కొత్త కాదు. 1789లో ఒకటి, 1839లో ఒకటి వచ్చి ఓడల రేవుగా వెలిగిన ఊరిని తుడిచిపెట్టాయి. 1977లో దివిసీమలో పోయినవాళ్ళు సుమారు పది వేలు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు, వేటకెళ్ళి తిరిగి రానివాళ్ళు ఇంకెందరో. మడ అడవి అలని విరుస్తుంది. ఇది ఊసుపోక అంటున్న మాట కాదు. 1999లో ఒడిశా సూపర్ సైక్లోన్ వచ్చాక సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ అనే ఆర్థికవేత్తలు కేంద్రపడా జిల్లాలో 400కు పైగా ఊళ్ళ లెక్కలు తీశారు. సముద్రానికీ ఊరికీ నడుమ మడ ఎంత వెడల్పుగా ఉంటే చావులు అంత తక్కువ. ఆ మడ లేకపోయుంటే ఊరికి సగటున మరో 1.72 ప్రాణాలు పోయేవని 2009లో ప్రకటించారు. సగటు కాబట్టి చిన్న అంకెలా కనిపిస్తుంది. ఊళ్ళన్నిటికీ కలిపి చూడండి.

రేవు పక్షం: ఆ వ్యాసం నాకూ తెలుసు. మడ కాపాడిన ప్రాణాల కన్నా ప్రభుత్వం ముందుగా చేసిన హెచ్చరిక కాపాడినవే ఎక్కువని కూడా అందులోనే ఉంది. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు లక్షల మందిని ముందే తరలించారు, చావులు పదుల్లో ఆగాయి. 2004 సునామీ తర్వాత మడ ఉన్న ఊళ్ళు బతికాయని రాశారు. ఆ ఊళ్ళు ఎత్తు మీద, తీరానికి దూరంగా ఉండడమే అసలు కారణం కావచ్చని మరి కొందరు శాస్త్రజ్ఞులు అవే లెక్కలు తిరగేసి చూపించారు.

మడ వద్దని కాదండి నా వాదం. అది అలని విరుస్తుందనే అనుకుందాం. దాని వెనక నిశ్చింతగా కూర్చున్నది ఎవరు? కాకినాడ పట్నం, పోర్టు, ఎరువుల ఫ్యాక్టరీలు. దానికి వాళ్ళు కట్టిన కిరాయి ఎంత? ఒక్క పైసా లేదు. కట్టినవాడు పీతలు పట్టే మనిషి, తన పాయ వదులుకుని. కర్బనం సంగతీ అంతే. హెక్టారు మడ అడవిలో సగటున వెయ్యి టన్నుల దాకా కర్బనం దాగి ఉంటుందని చెబుతున్నారు, అందులో ఎక్కువ భాగం బురదలోనే. ప్రపంచమంతటికీ మేలు. బురదలో దిగేవాడికి మాత్రం బోర్డు: లోపలికి రాకూడదు. పక్కనే చెక్క వంతెన మీద టికెట్టు కొన్నవాళ్ళు సెల్ఫీలు తీసుకుంటారు.

అడవి పక్షం: కిరాయి మాట దగ్గర నా దగ్గర జవాబు లేదు. ఆ వ్యాసంలో మరో మాట మాత్రం మీరు దాటేశారు. హెచ్చరిక ఎక్కువ ప్రాణాలు కాపాడినా, ఉన్న మడని ఉంచుకోవడమే లాభమని వాళ్ళు తేల్చారు. హెచ్చరిక మనిషిని లేపి షెల్టరుకి తీసుకెళ్తుంది. ఇంటినీ పడవనీ కొబ్బరితోటనీ తీసుకెళ్ళదు. టికెట్టు డబ్బుల్లో ఊరి కమిటీకి వాటా ఇవ్వాలంటే రేపే ఇవ్వమంటాను. నా పేచీ అక్కడ లేదు. కత్తి, గేదె, దోమతెర వల, ఈ మూడూ లోపలికి రాకూడదు.

రేవు పక్షం: కత్తి అన్నారు. తూర్పు తీరంలో మడ అడవుల్ని కూపులుగా విడగొట్టి దశాబ్దాల పాటు వంటచెరకుకి నరికించింది ఎవరండీ? మీరు గట్టి కావలి అంటున్న అటవీ శాఖే. బోసిపోయిన చోట నేల ఎండి కుంగింది. పోటు నీరు లోపలికొచ్చి బయటికి పోలేక నిలిచిపోయింది, ఎండకి ఆవిరైంది, ఉప్పు పేరుకుంది. ఇక అక్కడ మొక్క లేవలేదు. తప్పంతా గేదెలదీ, పుల్లలేరుకునే ఆడవాళ్ళదీ అని ఎంతకాలం రాసుకున్నారు! ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ వాళ్ళు వచ్చి చూస్తే తేలింది, నీరు పారక చచ్చిందని. తొంభైల చివర్లో గోదావరి, కృష్ణా డెల్టాల్లో కాలువలు తవ్వించారు. నడుమ పెద్ద కాలువ, ఇరుపక్కలా చేపముల్లు వరసలో పిల్ల కాలువలు, వాటి ఏటవాలు మీద మొక్కలు. పోటుకి నీరెక్కింది, పాటుకి దిగింది, ఉప్పు కడుక్కుపోయింది, మొక్క లేచింది. అక్కడ పార పట్టింది ఎవరు? మట్లపాలెం లాంటి ఊళ్ళ జనం.

అడవి పక్షం: కూపుల సంగతి నిజం. ఆ రోజుల్లో అడవి అంటే ఆదాయం. దాన్ని వెనకేసుకు రాను. పార పట్టిన జనాన్నీ తక్కువ చెయ్యను. అయితే ఆ పనిలో పెద్ద మొత్తం భారత్-కెనడా పర్యావరణ నిధి నుంచి వచ్చింది. కాలువ ఒకసారి తవ్వితే సరిపోదు, పూడిక పడుతూనే ఉంటుంది. నిధి అయిపోయాక పూడిక తీసే కూలి ఎవరివ్వాలి? ఊరి సమితి మినిట్స్ పుస్తకంలో తీర్మానాలుంటాయి, పార ఉండదు. శాఖ ఎంత బద్ధకపుదైనా బడ్జెట్‌లో దానికంటూ ఒక పద్దు ఉంటుంది.

రేవు పక్షం: పద్దు ఉన్నవాడికి పాయ తెలియదు, పాయ తెలిసినవాడికి పద్దు లేదు.

అడవి పక్షం: బాగా చెప్పారు గానీ, పాయ తెలిసినవాళ్ళే చెరువులకి దారి చూపించారు కదా! ఊరి పోరంబోకు, అసైన్డు భూములు, పర్ర నేలలు లీజుల పేరుతో ఎవరి సంతకాలతో పోయాయి? సుబ్బరంగా పచ్చగా ఉన్న నేల గట్లు కట్టించుకుంది. 1994-95లో తెల్లమచ్చ రోగం వచ్చి రొయ్య పోయాక, పెట్టుబడిదారు లేచిపోయాడు. ఉప్పు దిబ్బలు మిగిలాయి.

రేవు పక్షం: సంతకం పెట్టినవాళ్ళు ఊరి పెద్దలు. వేలిముద్ర కూడా అడగకుండా మిగిలిపోయినవాళ్ళు పీతల జనం. ఊరంటే ఒకే గొంతు కాదండి, ఆ మాట నేనే ముందు చెప్పాల్సింది. మీరన్న తప్పు ఊరిదే. ఊరితో పాటు ఢిల్లీదీ. 1996 డిసెంబరు 11న, కోనసీమ తుఫాను వచ్చిన అయిదు వారాలకి, సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో రొయ్యల చెరువులు ఉండకూడదంది, పాతకాలపు పద్ధతి వాటిని తప్ప. ఆ తీర్పు పదును 2005లో వచ్చిన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టంతో పోయింది. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ చూడండి. వెయ్యి చదరపు మీటర్లు దాటిన మడ చుట్టూ 50 మీటర్ల జాగా వదలాలట, ప్రైవేటు భూమిలో ఉన్న మడకి మాత్రం అక్కర్లేదట. చెట్టుకి తెలుసా తను ఎవరి సర్వే నంబరులో ఉందో?

అడవి పక్షం: అందుకే అంటున్నాను, అభయారణ్యం అనే పేరైనా ఉన్న చోట దాన్ని వదులు చెయ్యకండని. పేరు లేని చోట ఏమవుతుందో 2020లో కాకినాడలోనే చూశాం. దుమ్ములపేట వైపు మడ నేలని పేదల ఇళ్ళ స్థలాల కోసం మట్టి పోసి చదును చేశారు. వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. పేదల పేరు చెబితే ఎవరూ నోరెత్తలేరు.

రేవు పక్షం: అక్కడ నేను మీ వైపే. ఇల్లు కావాల్సినవాళ్ళు మా జనమే, అయినా మీ వైపే. మెరక భూములన్నీ వేరేవాళ్ళకి పోయాక, ఉప్పెన వస్తే ముందు మునిగే చోటు చూపించి ఇదిగో నీ పట్టా అంటే అది దానం కాదు.

అడవి పక్షం: అయితే ఇంకో చోట కూడా కలుద్దాం. గోదావరి తెచ్చే ఒండ్రు డెబ్భైలతో పోలిస్తే సగానికి పైగా తగ్గింది. పై నుంచి కింద దాకా ఆనకట్టలే. మట్టి రాకపోతే డెల్టా అంచు కోసుకుపోతుంది, సముద్రం వైపు మడ దానితో పాటు కూలుతుంది. వేసవిలో మంచినీరు చాలినంత దిగకపోతే లోపలి పాయలు ఉప్పెక్కుతాయి. మీ కావలి ఆపలేదు, నా కావలీ ఆపలేదు.

రేవు పక్షం: ఆపలేనిదాన్ని ఇద్దరం కలిసి ఒక్కసారైనా అడిగామా? నీటి వాటాల లెక్కలో కాలువలకింత, ఫ్యాక్టరీలకింత అని రాస్తారు. మొగకి ఇంత అని ఎవరైనా రాశారా? సరే, అది పెద్ద మాట, పక్కన పెడదాం. నాటే పథకాల సంగతి అడుగుతాను. 2023లో మిష్టీ అని కేంద్రం మొదలుపెట్టింది, దేశంలో 540 చదరపు కిలోమీటర్లు లక్ష్యం. ఎక్కడ నాటుతారు? ఖాళీ బురద కనిపించిన చోట. ఆ బురద ఖాళీ కాదండి. కాకినాడ దగ్గర కుంభాభిషేకం బురద మేటల మీద చలికాలం ఎక్కడెక్కడి పక్షులో దిగుతాయి. సైబీరియా నుంచి వచ్చే గ్రేట్ నాట్, కింది ముక్కు పొడవున్న ఇండియన్ స్కిమ్మర్, రెండూ ప్రపంచంలో తరిగిపోతున్న జాతులే. కాకినాడ అఖాతం బురదలో మా ఆడవాళ్ళు గుల్లలు ఏరుకుంటారు. అక్కడ నర్సరీ మొక్కలు వరసగా గుచ్చి ఫొటో తీసుకుంటే పక్షికీ నష్టం, మాకూ నష్టం.

అడవి పక్షం: ఆ తప్పు అడవి ప్రేమికులే ఎక్కువ చేస్తారు. లెక్కలు చూస్తే రాష్ట్రంలో మడ 2021లో 405 చదరపు కిలోమీటర్లు, 2023 నివేదికలో 421. పెరిగింది, సంతోషం. ఉపగ్రహానికి పచ్చదనం కనిపిస్తుంది. ఏది పాత అడవి, ఏది నిన్న నాటిన తెల్లమడ, లోపల ఉప్పు పొన్న ఎంత తగ్గింది అన్నవి ఆ ఒక్క అంకెలో కనిపించవు. ఇది చూడాలంటే పడవలో వెళ్ళి మోకాలి లోతు బురదలో దిగాలి. దిగగలిగేవాళ్ళు మీ ఊళ్ళోనే ఉన్నారు. ఇది నేను ఇష్టపడి ఒప్పుకుంటున్నాను.

కాబట్టి ఒక మాట ప్రతిపాదిస్తాను. రెండు పాయలు మీ ఊరి సమితికి ఇద్దాం. వల కన్ను ఎంతుండాలి, ఏ నెలల్లో వేట ఆపాలి, ఎవరు రావచ్చు, అన్నీ మీరే రాసుకోండి. అయిదేళ్ళ తర్వాత కొలుద్దాం. చెట్టు తగ్గితే హక్కు వెనక్కి ఇచ్చెయ్యాలి.

రేవు పక్షం: 'ఇద్దాం' అన్న మాట దగ్గరే పేచీ. 2006 అటవీ హక్కుల చట్టంలో చేపల మీదా నీటి వనరుల మీదా సాముదాయిక హక్కు ఉంది. అభయారణ్యమని దాన్ని కొట్టెయ్యలేరు. మీరు ఇచ్చేది కాదు, గుర్తించాల్సింది. గుర్తించమని వెళ్తే ఏమడుగుతారో తెలుసా? గిరిజనులు కానివాళ్ళు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అక్కడ బతికినట్టు రుజువు. ఏ తుఫానుకి ఎవరి ఇంట్లో కాగితం మిగిలిందండీ?

అడవి పక్షం: పెద్దవాళ్ళ వాంగ్మూలం రాసుకుంటే చెల్లుతుందని ఆ చట్టం నియమాల్లోనే ఉంది. కాగితం లేదన్నది సాకు కావచ్చు, అడ్డంకి కానక్కర్లేదు. నా భయం వేరు. హక్కు ఒకసారి రాసిచ్చాక చెట్టు పోతే బాధ్యత ఎవరిది? హక్కున్న ఊరు రేపు మళ్ళీ పెద్దమనుషుల ఊరైపోతే?

రేవు పక్షం: న్యాయమైన భయమే. అందుకే మీ షరతుకి తలొగ్గుతున్నాను. చెట్టు తగ్గితే మా సమితి తప్పుకుంటుంది, రాయండి. అదే కాగితంలో రెండో షరతు కూడా రాయండి. పక్క పాయలో, మీ కావలి కింద చెట్టు తగ్గితే మీరేం వదులుకుంటారు?

అడవి పక్షం: ఆ షరతు మీద సంతకం పెట్టే అధికారం నాకు లేదు. మిమ్మల్నీ ఒకటి అడగాలి. చెరువు గట్టు హద్దు దాటి లోపలికి జరిగిన రోజు, పొక్లెయినర్‌కి అడ్డం నిలబడడానికి మీ సమితికి ఏముంది? కేసు రాసే సంతకం లేదు, యంత్రాన్ని పట్టి ఉంచే అధికారం లేదు.

రేవు పక్షం: లేదు. అది మూడో షరతు, రాయండి.